గమ్యం అడగని సంగీతం

చిత్రకారుల్ని వెక్కిరించడానికి పుట్టిన పేరు, ఒక సంగీతకారుడికి నచ్చని ముద్ర అయింది. ఆ ముద్ర వెనక డెబ్యుస్సీ చేసిన పని మాత్రం పాశ్చాత్య సంగీతపు దారినే మళ్లించింది. ఇంప్రెషనిస్టు సంగీతానికి ఓ పరిచయం.

1894 డిసెంబరు 22. పారిస్‌లో ఓ కొత్త కృతి తొలి ప్రదర్శన. ఆరంభంలో ఫ్లూట్ ఒక్కటే. పక్కన ఏ వాద్యమూ లేదు, లయ పట్టు దొరకదు. స్వరం మెల్లగా కిందికి జారి, మళ్లీ పైకి పాకుతుంది. ఆ జారిన దూరం మన లెక్కలో షడ్జమానికీ ప్రతిమధ్యమానికీ మధ్య ఉన్నంత. హార్ప్ ఓసారి జలజలమంటుంది, హార్న్ పలుకుతుంది. ఆ వెంటనే ఒక బార్, అంటే ఒక తాళావర్తం, నిండా మౌనం.

సగం మనిషి, సగం మేక అయిన ‘ఫాన్’ అనే వనదేవత పగటి కలలే ఆ పది నిమిషాల కృతి. మూలం స్టెఫాన్ మలార్మే కవిత. స్వరకర్త 32 ఏళ్ల క్లోడ్ డెబ్యుస్సీ. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, పెద్ద డోళ్లు... ఆర్భాటానికి పనికొచ్చేవన్నీ పక్కన పెట్టేశాడు.

వద్దన్న బిరుదు

క్లోడ్ మోనే గీసిన సూర్యోదయ చిత్రం మీద 1874లో లూయీ లెరోయ్ అనే విమర్శకుడు విసిరిన ఎగతాళి నుంచి ‘ఇంప్రెషనిస్టు’ పేరు ప్రచారంలోకొచ్చింది. 1887లో యువ డెబ్యుస్సీ రచనను పరిశీలించిన ఫ్రెంచి కళల అకాడమీ, అస్పష్టమైన ఇంప్రెషనిజం జోలికి పోవద్దని హెచ్చరించింది. ఆయనకూ ఆ ముద్ర గిట్టలేదు. 1908లో రాసిన ఓ ఉత్తరంలో ఆ మాట వాడేవాళ్లను మూర్ఖులనేశాడు.

ఆ కోపం న్యాయమైనదే. వినడానికి మసకగా ఉన్నంత మాత్రాన మసకగా రాసినట్టు కాదు. 1905 నాటి ‘లా మేర్’లో సముద్రాన్ని వినిపించడానికి ఒకచోట చెల్లోలను నాలుగు వర్గాలుగా విడదీసి, ఒక్కోదానికి వేరే వరుస రాశాడు.

షడ్జమం చేరకపోతే ఏం?

అప్పటిదాకా పాశ్చాత్య సంగీతంలో కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, ఒక క్రమంలో నడిచేవి. ఒకటి ఉత్కంఠ రేపితే మరొకటి దాన్ని తీర్చి ఆధార స్వరానికి చేర్చాలి. డెబ్యుస్సీ ఆ బాకీని రద్దు చేశాడు. కార్డు ఎక్కడికీ తీసుకెళ్లక్కర్లేదు, తన రంగుతో తాను మోగితే చాలు.

1910లో వచ్చిన ‘వ్వాల్’ అనే పియానో రచనలో చాలా భాగం ఆరు సమాన మెట్ల మీదే సాగుతుంది. షడ్జమం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, ప్రతిమధ్యమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. పంచమం లేదు, షడ్జమానికి ఆనుకునే కాకలి నిషాదమూ లేదు. అడుగున ఒకే స్వరం మళ్లీ మళ్లీ మోగుతున్నా, అదే షడ్జమమని నమ్మబుద్ధి కాదు. కర్ణాటక సంగీతంలో గోప్రియ రాగానివీ ఇవే స్వరాలు. కాకపోతే అక్కడ తంబూరా మనల్ని షడ్జమం వదిలి పోనివ్వదు.

డెబ్యుస్సీ పియానోకు రాసిన 24 ప్రెల్యూడ్లలో (చిన్న రచనల్లో) ‘వ్వాల్’ ఒకటి. వాటికి పేర్లు పైన ఉండవు, ప్రతి రచన చివర కనిపిస్తాయి. ముందు శబ్దం, ఆ తర్వాతే బొమ్మ.

జావా గంటలు

1889లో ఈఫిల్ టవర్‌ను ప్రపంచానికి చూపిన పారిస్ ప్రదర్శనకు జావా నుంచి గామెలాన్ బృందం వచ్చింది. కంచు గంటలు, లోహపు పలకల ఆ మేళం విని డెబ్యుస్సీ ముగ్ధుడయ్యాడు. యూరప్ నియమాలేవీ లేకుండానే ఇంత నిండైన సంగీతం సాధ్యమన్న రుజువు ఆయనకు అక్కడ దొరికింది. 1903 నాటి ‘పగోద్’ వింటే ఆ ప్రభావం తెలుస్తుంది. అందులోని ప్రధాన స్వరాలు మన మోహనవే. కింద మంద్రంలో గంటల్లా మోగే స్వరాలు, పైన వేగంగా తిరిగే వరుసలు.

ఇదే ధోరణిలో రాసిన మరో స్వరకర్త మోరిస్ రావెల్ 1901లో ‘జ్యూ దో’తో పియానో మీద నీటిని ఆడించాడు. డెబ్యుస్సీ కన్నా ఈయన గీత పదునైనది. తర్వాత జాజ్ పియానో వాద్యకారులు ఈ ఇద్దరి కార్డులనూ సొంతం చేసుకున్నారు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

• క్లేర్ ద లూన్ (డెబ్యుస్సీ): అయిదు నిమిషాల పియానో. తొలి పరిచయానికి ఇదే తేలిక.
• జ్యూ దో (రావెల్): అంతే నిడివి. రెండు చేతులూ ఎలా కలిసిపోతున్నాయో గమనించండి.
• ఫాన్ ప్రెల్యూడ్ (మొదట చెప్పుకున్న కృతి): ఫ్లూట్ పలికిన వరుస తిరిగొచ్చిన ప్రతిసారీ కింద కార్డు ఎలా మారుతోందో పట్టుకోండి.
• లా మేర్: దాదాపు 24 నిమిషాలు. దీన్ని చివరికి ఉంచుకోండి. అప్పటికి ‘ఇది ఎటు పోతోంది?’ అని అడగడం మానేసి ఉంటారు.