మెషీన్ దాకా వెళ్లకముందే

వానలు పడి డెంగీ జ్వరాలు ముదిరాయంటే చాలు, మన ఊళ్లలో ఎవరి నోట విన్నా ప్లేట్‌లెట్ల మాటే. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాల్సినవి నలభై వేలే అని రిపోర్టు వస్తే ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు. డెంగీలో ప్లేట్‌లెట్లు నిజంగానే పడిపోతాయి, ఆ నలభై వేలు నిజమే కావచ్చు. కానీ సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఒంట్లో ప్లేట్‌లెట్లు నిండుగా ఉన్నా ట్యూబులో మాత్రం తగ్గినట్టు కనిపిస్తాయి.

బ్లడ్ కౌంట్ కోసం రక్తం తీసే ఊదారంగు మూత ట్యూబులో, గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొందరి రక్తంలోని యాంటీబాడీలు ఆ రసాయనం తగలగానే ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అతికించేస్తాయి. మెషీన్ సైజును బట్టి కణాలను లెక్కపెడుతుంది కాబట్టి, ముద్దగా మారినవాటిని ప్లేట్‌లెట్లుగా గుర్తించదు. అంకె పడిపోతుంది. దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. చుక్క రక్తం స్లైడు మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే గుంపులు కళ్లకు కనిపిస్తాయి. సిట్రేట్ ఉన్న నీలం మూత ట్యూబులో మళ్లీ తీసి లెక్కిస్తే చాలామందిలో అసలు సంగతి తేలిపోతుంది. ఆ కాస్త పని చేయనందువల్ల అక్కర్లేని ప్లేట్‌లెట్లు ఎక్కించిన ఉదంతాలు, ఎముక మజ్జ పరీక్షల దాకా వెళ్లిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

రిపోర్టు తప్పయితే మనం మెషీన్‌ను అనుమానిస్తాం. ఇటలీలోని పాదువాలో ప్లెబానీ, కరారో అనే ఇద్దరు నిపుణులు మూడు నెలల పాటు 40,490 పరీక్షలను గమనించి 1997లో ఫలితాలు ప్రచురించారు. దొరికిన తప్పులు 189. అందులో 68 శాతం శాంపిల్ మెషీన్‌లోకి వెళ్లకముందు జరిగినవే. పరీక్ష చేసే దశలో జరిగినవి 13 శాతం. మిగతావి ఫలితం వచ్చాక, దాన్ని చేరవేయడంలో జరిగినవి. చాలా తప్పులు రోగికి హాని చేయలేదు. కానీ 12 మందికి మాత్రం వాటి వల్లే అవసరం లేని చికిత్స అందింది, లేదా ఉన్న చికిత్స మారిపోయింది. తక్కువే కదా అనిపించవచ్చు, ఆ పన్నెండు మందిలో మనవాళ్లు ఒకరున్నారనుకుంటే అలా అనిపించదు.

మెషీన్‌కు ముందు ఏం జరుగుతుందో పొటాషియం పరీక్షను చూస్తే తెలుస్తుంది. రక్తంలో అది 3.5 నుంచి 5 మధ్య ఉండాలి, బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఎర్ర రక్తకణాల లోపల మాత్రం బయటికంటే ఇరవై రెట్లకు పైనే ఉంటుంది. నరం దొరక్క సన్నటి సూదితో బలంగా లాగినా, సిరంజిలోంచి ట్యూబులోకి గట్టిగా తోసినా కణాలు చితికి లోపలి పొటాషియం బయటికి వచ్చేస్తుంది. పట్టీ కట్టి, “పిడికిలి బిగించి తెరవండి” అని పదేపదే చేయించినా పెరుగుతుంది. ఒక ట్యూబు నిండలేదని ఊదారంగు ట్యూబులోంచి కొంచెం వంపితే, ఈడీటీఏతో పాటు వచ్చే పొటాషియం అంకెను పైకి లేపుతుంది, కాల్షియం పడిపోతుంది. ఈ రెండూ జంటగా కనిపిస్తే అనుభవమున్న పాథాలజిస్టు వెంటనే కొత్త శాంపిల్ అడుగుతారు. అడగకపోతే, లేని పొటాషియాన్ని దించడానికి ఇచ్చిన మందు ఉన్నదాన్ని దించేస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది: నిజంగా పొటాషియం తగ్గిన రోగిది చితికిన రక్తంలో మామూలుగా కనబడి, అందాల్సిన వైద్యం అందకుండా పోతుంది.

షుగర్ సంగతి దీనికి తలకిందులు. తీసిన రక్తంలోని కణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి. వేరు చేయకుండా వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. పరగడుపున 130 ఉన్న మనిషి శాంపిల్, బైకు మీద ఇల్లిల్లూ తిరిగి రెండు గంటలకు ల్యాబ్ చేరితే 115 దగ్గర కనిపించవచ్చు. మధుమేహానికి గీత 126. ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబు వాడేది ఇందుకే, అయినా ఫ్లోరైడ్ పూర్తిగా పనిచేయడానికి గంటకు పైగా పడుతుంది.

అన్నిటికన్నా భయపెట్టేది పేరు తారుమారు కావడం. ఒకరి రక్తం మరొకరి పేరున్న ట్యూబులో పడితే మెషీన్ ఎంత ఖరీదైనదైనా కనిపెట్టలేదు. గ్రూపు పొరపాటై సరిపడని రక్తం ఎక్కితే ప్రాణమే పోవచ్చు. పాత గ్రూపు రికార్డు లేని రోగికి, వేరుగా తీసిన రెండో శాంపిల్‌తో సరిచూశాకే రక్తం ఇవ్వాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సూది గుచ్చే ముందు మన పేరు మనమే చెప్పి, లేబుల్ మన కళ్లముందే అంటించమని అడిగితే ఏ మంచి టెక్నీషియనూ నొచ్చుకోరు. జుట్టుకోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే అదీ చెప్పాలి. గుండెపోటును పట్టించే ట్రోపోనిన్ పరీక్షను అది తప్పుదారి పట్టించగలదని అమెరికా ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది.

రక్తం తీసే మనిషికి ఒక్కో రోగి దగ్గర తగినంత సమయం ఇవ్వని యాజమాన్యం ఎన్ని కొత్త మెషీన్లు కొన్నా ఈ తప్పులు ఆగవని నా గట్టి నమ్మకం. సరైన ఫలితం వచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. పొటాషియం 6.8 అని నిజంగానే తేలితే, ఆ కాగితం ట్రేలో సాయంత్రం దాకా పడి ఉండకూడదు. టెక్నీషియన్ అప్పటికప్పుడు వార్డుకు ఫోన్ చేయాలి, అవతలివారు పేరునూ అంకెనూ తిరిగి చదివి వినిపించాలి, ఎవరు ఎన్నింటికి చెప్పారో, ఎవరు విన్నారో ల్యాబ్ రిజిస్టర్‌లో ఎక్కాలి.