గట్టు మీది గాలి – కొండ మీది చలి

మాచవరం వాడు చలిని గురించి వ్యాసం వ్రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. మనది పల్నాడు. రెంటచింతల ఎండలకు రాష్ట్రమంతటా పేరు. వేసవి మధ్యాహ్నం నాపరాయి మీద ఉత్త కాలు పెట్టలేని నేల మనది. అయినా చలి అంటే ఏమిటో నేను మొదట నేర్చుకున్నది మా మిరప చేలోనే.

నా చిన్నతనంలో బోరు మోటారుకు కరెంటు రాత్రివేళ వచ్చేది. పుష్యమాసంలో నాన్న వెంట మడవలు మార్చడానికి నేనూ వెళ్ళేవాణ్ణి. మోకాళ్ళ దాకా తడిసి గట్టెక్కితే ఒకటే వణుకు. "తడిబట్టలతో గట్టు మీద నిలబడమాకురా, వామి చాటుకు రా" అని నాన్న కేకేసేవాడు. గట్టు మీదా, వామి చాటునా థర్మామీటరు చూపేది ఒకటే. ఒంటికి మాత్రం ఒకటి కాదు. ఈ చిన్న తేడా ప్రాణం మీదికి తెస్తుందని లంబసింగి వెళ్ళాక గాని నాకు తెలియలేదు.

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. పోయిన డిసెంబరులో ఐదుగురం మిత్రులం అక్కడికి వెళ్ళి, తెల్లవారుజామున దగ్గరలోని చెరువులవేనం కొండ ఎక్కాము. మాకు తొందరెక్కువ. బాట వదిలి, రాళ్ళు పట్టుకుని చేతులతో కాళ్ళతో పాకుతూ కొండ వెన్ను మీదుగా పోయాము. వెన్ను అంటే, రెండు వైపులా వాలుగా దిగిపోయి నడుమ ఎత్తుగా సాగే గట్టు. పైకి చేరేసరికి అందరికీ చొక్కాలు చెమటతో తడిసి ఉన్నాయి. అక్కడ ఈడ్చి కొట్టే గాలి.

అరగంట గడిచింది. మాలో ఒకడు గడగడ వణికాడు. తరువాత వణుకు ఆగిపోయింది. తగ్గిందిలే అనుకున్నాం. మాట ముద్దగా వస్తోంది. "నన్నిక్కడే కూర్చోనివ్వండిరా" అంటాడు. అలసిపోయాడని నవ్వాము కూడా. కట్టెల కోసం వచ్చిన ఒక పెద్దాయన వాణ్ణి చూసి, మమ్మల్ని కసిరి, తడి చొక్కా విప్పించి, తన గొంగళి కప్పి, బండ చాటుకు చేర్చాడు. మెల్లగా దించి, వేడి టీ త్రాగించాక గాని వాడు మనిషి కాలేదు. నా జేబులో థర్మామీటరు ఉంది. విచిత్రమేమంటే, క్రింది ఊరిలో కన్నా పైన అది రెండు డిగ్రీలు ఎక్కువే చూపింది!

ఇది ఎలా సాధ్యం? మబ్బులేని, గాలిలేని రాత్రి భూమి తన వేడిని ఆకాశానికి వదులుతుంది. నేలనంటిన గాలి చల్లబడి, బరువెక్కి, నీరు పల్లానికి పారినట్లు లోయలోకి జారుతుంది. అందుచేత తెల్లవారుజామున కొండ మీద కన్నా లోయలోనే ఎక్కువ చల్లగా ఉండవచ్చు. మామూలుగా మాత్రం ఎత్తు పెరిగేకొద్దీ, ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 సెంటీగ్రేడు డిగ్రీల చొప్పున, ఉష్ణోగ్రత తగ్గుతుంది.

అయితే మావాణ్ణి పడగొట్టినది ఉష్ణోగ్రత కాదు, గాలి. మన ఒంటి చుట్టూ వెచ్చని గాలి పొర ఒకటి సదా ఉంటుంది. వీచే గాలి ఆ పొరను ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. 1940 ప్రాంతంలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే అమెరికన్లు అంటార్కిటికాలో చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నీరు పోసి, ఏ గాలికి అది ఎంతసేపటిలో గడ్డకడుతుందో లెక్కవేశారు. నేడు వాడే లెక్క ప్రకారం, మైనస్ 10 డిగ్రీల వద్ద గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, బయటపడిన చర్మానికి అది మైనస్ 20తో సమానం.

రెండవ శత్రువు తడి. నిశ్చలమైన గాలి కన్నా నీరు సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. పైగా ఒక్క గ్రాము చెమట ఆవిరి కావడానికి ఒంటి నుండి సుమారు 580 కేలరీల వేడి లాక్కుంటుంది. నూలు చొక్కా చెమటను పీల్చి ఒంటికి అంటుకుపోతుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుకుంటుంది. గొర్రెల కాపరి గొంగళిలో ఉన్న సైన్సు ఇదే.

శరీరం లోపలి వేడి మామూలుగా 37 డిగ్రీలు. అది 35కు దిగువకు జారితే ప్రమాదం మొదలైనట్లే. ముందు వణుకు, పిదప చేతులు మొద్దుబారడం, మాట తడబడడం, ఆలోచన మందగించడం. వణుకు ఆగిపోవడం తగ్గిందనడానికి గుర్తు కాదు, ముదిరిందనడానికి గుర్తు. అప్పుడు గాలి చాటు చేయాలి, తడి విప్పి పొడివి చుట్టాలి, స్పృహ బాగా ఉంటే తీపి వేడి పానీయం ఇవ్వాలి, త్వరగా వైద్యునికి చూపాలి. మద్యం పోయరాదు, చేతులు కాళ్ళు రుద్దరాదు.

ఇక మంచుకొండల వెన్నుల సంగతి ఊహించండి. లోయకు ఉన్న చాటు వెన్నుకు లేదు. రాయి పట్టుకుందామంటే చేతి తొడుగు అడ్డం. విప్పితే వేళ్ళు కొయ్యబారుతాయి. గుండెను, మెదడును కాపాడుకోవడానికి శరీరం ముందుగా వేళ్ళకే రక్తం తగ్గిస్తుంది. గాలి పేర్చిన మంచు, ఇంటి చూరులా అవతలికి పొడుచుకు వచ్చి ఉంటుంది. నేలే కదా అని అడుగువేస్తే అగాధమే.

ఎవరెస్టు ఈశాన్యపు వెన్ను అటువంటిదే. అక్కడ దాదాపు 8,600 మీటర్ల ఎత్తున నిలువు రాతిమెట్టు ఒకటి ఉంది. 1975లో చైనీయులు దానికి నిచ్చెన బిగించారు. శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టం వద్ద ఉన్నదానిలో మూడవ వంతు మాత్రమే. శీతాకాలంలో ఆకాశపు పై పొరలలోని మహా వేగపు గాలులు శిఖరాన్ని తాకుతూ ఉంటాయి. మే నెలలో అవి ఉత్తరానికి జరుగుతాయి. అందుకే ఎక్కువమంది మేలోనే ఎక్కుతారు. శీతాకాలంలో మొదటిసారి 1980 ఫిబ్రవరి 17న పోలెండు వారు ఇద్దరు ఎక్కగలిగారు.

ఆ ఉత్తరపు దారినే నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్‌తో కలసి 2014 మే 25న శిఖరం చేరింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు నిండలేదు. కూలినాలి చేసుకునే ఇంటి పిల్ల. భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ డార్జిలింగు మీదుగా లడఖ్ శీతాకాలపు చలి దాకా సాగింది. అంటే చలికి ఒంటిని, బుద్ధిని ముందే అలవాటు చేశారన్నమాట.

నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం గ్రామంలో రైతు ఇంట పుట్టిన మల్లి మస్తాన్‌బాబు ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 2006లో 172 రోజులలో ఎక్కాడు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివేటప్పుడు, 1985లో ఎవరెస్టు యాత్రలో మరణించిన పూర్వవిద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు విగ్రహం ఆయనకు స్ఫూర్తినిచ్చింది. అంతటి అనుభవశాలి 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. కొండ ఎవరి అనుభవాన్నీ లెక్కచేయదని దీని అర్థం కాబోలు.

ఈ పేర్లు చదివితే మనకూ ఎక్కాలని ఉంటుంది. ఎక్కవలసిందే. అయితే చెమట పట్టకముందే ఒక పొర విప్పండి, ఆగగానే తొడగండి, ఎన్నింటికి వెనుదిరగాలో క్రిందనే నిర్ణయించుకోండి. చలికి బుద్ధి మందగించాక ఆ నిర్ణయం చేయలేము. పక్కవాడి మాట తడబడితే నవ్వకండి. మేము నవ్వాము. ఆ పెద్దాయన రాకపోతే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఈనాటికీ వణుకే.

మా నాన్న సైన్సు చదవలేదు. కాని గట్టు దిగి చాటుకు రమ్మని ముందే చెప్పాడు.