గ్రంథస్వామ్యం: గ్రంథాలయాధికారి చేతిలోని అమానతు

జడ్చర్లలోని డాక్టర్ బి.ఆర్.ఆర్. ప్రభుత్వ డిగ్రీ కళాశాల పాలమూరు విశ్వవిద్యాలయ పరిధిలోనిది. ఆ విశ్వవిద్యాలయం 2008లో మహబూబ్‌నగర్‌లో నెలకొన్నది. ఇటువంటి కళాశాలలో పనిచేసే ఒక అధ్యాపకుడు ఏళ్ల తరబడి శ్రమించి పరిశోధనా వ్యాసం రాశాడనుకుందాం. ఒక విదేశీ పత్రిక దానిని స్వీకరించి ఒప్పందపత్రం పంపుతుంది. ఆయన సంతోషంలో చదవకుండానే సంతకం చేస్తాడు. మరుసటి సంవత్సరం ఆ వ్యాసాన్ని అందరూ చదివేలా కళాశాల వెబ్‌సైటులో పెట్టబోతే, హక్కులన్నీ ప్రచురణకర్తకు చెందినవనీ, చదవగోరువారు రుసుము చెల్లించాలనీ తెలుస్తుంది. తాను నాటిన చెట్టు నీడకు తానే కిరాయి కట్టవలసిన స్థితి అది.

ఈ స్థితి రాకుండా ముందుగానే హెచ్చరించడం ఒక ప్రత్యేక గ్రంథాలయాధికారి పని. పాశ్చాత్య విశ్వవిద్యాలయాలలో గ్రంథస్వామ్యం, పరిశోధనా ప్రచురణ వ్యవహారాలు చూసేందుకు వేరుగా ఒక ఉద్యోగి ఉండడం పరిపాటి. మన దేశంలో ఇటువంటి పదవి అరుదు. పుస్తకాలిచ్చే గ్రంథాలయాధికారే చాలాచోట్ల ఈ భారం కూడా మోస్తాడు.

ఆయన ముందుగా తేల్చవలసినది, ఒక రచనపై హక్కు ఎవరిది, ఎప్పటివరకు అన్నది. భారత కాపీరైటు చట్టం 1957లో వచ్చింది. దాని ప్రకారం రచయిత జీవితకాలంలో వెలువడిన గ్రంథంపై హక్కు, ఆయన మరణించిన మరుసటి సంవత్సరారంభం నుండి 60 ఏళ్లు ఉంటుంది. పాలమూరు బిడ్డ, ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ కర్త సురవరం ప్రతాపరెడ్డి 1953లో మరణించారు. కాబట్టి ఆ గ్రంథాన్ని 2014 నుండి ఎవరైనా ముద్రించుకోవచ్చు. అదే సీమకు చెందిన బూర్గుల రామకృష్ణారావు 1967లో కన్నుమూశారు. ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనలపై హక్కు 2027 చివరివరకు నిలిచి ఉంటుంది. ఇద్దరూ గతించినవారే అయినా, ఒకరి పుస్తకానికి అనుమతి అక్కరలేదు, మరొకరి పుస్తకానికి కావాలి.

హక్కు ఉన్నంత మాత్రాన తలుపులన్నీ మూసుకొనిపోవు. అదే చట్టంలోని 52వ సెక్షను సొంత పరిశోధనకు న్యాయమైన వినియోగాన్ని, బోధనలో భాగంగా అధ్యాపకుడు గాని విద్యార్థి గాని ప్రతి తీసుకోవడాన్ని అనుమతిస్తుంది. మన దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి లాభాపేక్షలేని ప్రజా గ్రంథాలయం తన ఉపయోగానికి 3 ప్రతులకు మించకుండా తీసుకోవచ్చు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని జిరాక్సు దుకాణంపై ప్రచురణ సంస్థలు వేసిన దావాలో, బోధనకు అవసరమైనంత మేరకు తీసిన ప్రతులు ఈ మినహాయింపులోకి వస్తాయని ఢిల్లీ హైకోర్టు 2016లో తేల్చింది. కనుక భయపడి న్యాయమైన ప్రతిని నిరాకరించడమూ తప్పే, మొత్తం పుస్తకాన్ని అచ్చువేసి అమ్ముకోవడమూ తప్పే. ఈ రెంటి నడుమ హద్దు చూపడం గ్రంథాలయాధికారి విధి.

ఇక ఒప్పందాల సంగతి. హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా ఉండాలి. కాలపరిమితి రాయకపోతే చట్టం దానిని 5 ఏళ్లుగా భావిస్తుంది. ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే పరిమితమని అర్థం. ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని రాసి ఉన్న కాగితంపై సంతకం చేస్తే ఈ రక్షణలు పనిచేయవు. అందుకే సంతకానికి ముందు ఒప్పందాన్ని గ్రంథాలయాధికారికి చూపించుకోవాలి. పత్రిక ఆమోదించిన తుది రాతప్రతిని విశ్వవిద్యాలయ భాండాగారంలో ఉంచుకునే హక్కును రచయిత అడిగి నిలుపుకోవచ్చు. చాలా పత్రికలు అందుకు అంగీకరిస్తాయి. డబ్బు పుచ్చుకొని, పరిశీలన లేకుండా దేనినైనా అచ్చువేసే బూటకపు పత్రికల గురించి హెచ్చరించడం కూడా ఆయన పనే.

పిహెచ్‌.డి. సిద్ధాంత గ్రంథాలకు వేరే మార్గముంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ‘శోధ్‌గంగ’లో వాటిని చేర్చాలని యు.జి.సి. 2016 నాటి నియమాలు నిర్దేశించాయి. అక్కడ ఉన్న సిద్ధాంత గ్రంథాన్ని జడ్చర్ల విద్యార్థి కూడా రుసుము లేకుండా చదువుకోగలడు.

ముస్లిములకు ఈ చర్చ కొత్తది కాదు. పూర్వం గురువు వద్ద చదివి ఇజాజత్ పొందిన తరువాతనే శిష్యుడు ఆ గ్రంథాన్ని ఇతరులకు బోధించేవాడు. ధనవంతులు గ్రంథాలను వక్ఫ్ చేసి, వచ్చినవారందరికీ చదివే వీలు కల్పించారు. రచయిత పేరును, మాటను కాపాడటం ఒక సంప్రదాయం. జ్ఞానాన్ని దాచకుండా పంచడం మరొక సంప్రదాయం. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1988లో కువైట్‌లో సమావేశమై, రచనాహక్కు షరీఅత్ దృష్టిలో రక్షణ గల హక్కేనని, దానిని అతిక్రమించరాదని తీర్మానించింది.

ఈ విచక్షణ ఇంటి పుస్తకాల అలమారు దగ్గర కూడా అవసరమే. దివ్య ఖుర్ఆన్ మూలానికి మానవ హక్కుదారుడు లేడు. కాని ఒక అనువాదకుడు చేసిన తెలుగు అనువాదానికి ఉన్నాడు. 1888లో హైదరాబాదులో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ వెలికితెచ్చిన ప్రాచీన అరబీ గ్రంథాల మూలం అందరిదీ; నేటి సంపాదకుడు దానికి కొత్తగా రాసిన పీఠిక మాత్రం ఆయనది. పుణ్యకార్యమనే ఉద్దేశంతో అనుమతి లేకుండా అనువాదాన్ని అచ్చువేసి పంచినా, పరుల హక్కు పరుల హక్కే.

గ్రంథాలయాధికారికి అప్పగించిన అమానతు ఇదే. రచయితకు చెందినది రచయితకు, పాఠకునికి చెందినది పాఠకునికి చేర్చాలి. అందుకు కావలసినది పెద్ద భవనమో ధనమో కాదు. సంతకం పెట్టే ముందు కాగితం చదివే అలవాటు, ప్రతి తీసే ముందు హక్కుదారుని గురించి విచారించే అలవాటు చాలు.