కారు ఎత్తు - గల్లీ వాలు

మా మేనల్లుడికి కారు పిచ్చి. నాగ్‌పాడా దగ్గర ఒక గ్యారేజీలో ఆరేళ్లుగా పని చేస్తూ, జీతంలో మిగిల్చిన డబ్బుతో 2018 నాటి మారుతీ స్విఫ్ట్ కారు ఒకటి సెకండుహ్యాండులో కొన్నాడు. తయారు చేసినవారు దానిని స్పోర్ట్సు కారు అనలేదు గాని మావాడు అంటున్నాడు. అసలు స్పోర్ట్సు కారును మెరైన్ డ్రైవు మీద చూచి ఆనందించవలసిందే. కామాఠీపురా గల్లీలో దానిని నిలిపే చోటేది? అందుకని ఉన్న కారుకే ఆ వాటం తేవాలని, ఎత్తు మార్చుకొనే వీలున్న స్ప్రింగుల సెట్టు కొని గ్యారేజీలో బిగించుకున్నాడు. కారు అసలు ఎత్తుకన్న 40 మిల్లీమీటర్లు కిందికి దిగి, పొదిగే కోడివలె కూర్చున్నది.

"ఎత్తు సరిజూసుడు ఒక్కటే ఉన్నది మామా. ఆదివారం ఇంటికాడనే చేస్త" అన్నాడు.

ఆ మాటకు నా ఎడమచేయి తనంతట తాను జేబులోకి పోయింది. ఎందుకో చెప్పవలసి ఉన్నది.

1997లో మా మేనమామ పద్మిని టాక్సీ నడిపేవాడు. మన కుర్లాలోని ప్రీమియర్ కర్మాగారంలో తయారైన బండి. 1964 నుండి ఫియట్ 1100 డిలైట్‌గా తిరిగి, తరువాత పద్మిని అయిన ఆ కారును ఎరుగని బొంబాయి తెలుగువాడు ఉండడు. దానికి ముందు చుట్ట స్ప్రింగులు, వెనుక కమాన్ కట్టలు. ఏళ్ల తరబడి బరువు మోసి కమాన్లు కూలబడగా, వెనుక ముగ్గురు కూర్చుంటే సైలెన్సరు రోడ్డుకు తగిలేది. గ్యారేజీ ఖర్చు ఎందుకని, ఒక సాయంత్రం గల్లీలోనే జాకీ ఎత్తి, యు బోల్టులు విప్పి కట్ట దించాము. ఉన్నది ఒక్క జాకీ. దాని కింద ఒక బండ ముక్క. చక్రానికి అడ్డుగా సగం ఇటుక. కొత్త పట్టీ వేసి కట్టను మళ్లీ చోటున పెడుతుండగా ఆ బండ పగిలింది, కారు ఒరిగింది. మామ అప్పుడే పానా కోసం బయటికి వచ్చాడు కనుక బ్రతికాడు. కట్ట పట్టుకున్న నాకు చిటికెన వేలు రెండు కణుపులు పోయింది. ఇంగ్లీషు కీబోర్డులో 'ఏ' అక్షరం ఆ వేలిది. ఇరవై ఏళ్లకు పైగా ఆఫీసులో దానిని ఉంగరపు వేలితో కొడుతున్నాను.

2023 అక్టోబరులో పద్మిని టాక్సీల గడువు తీరిపోయిందని పేపరులో చదివి, మామ ఆ పూట అన్నం సరిగా తినలేదు. నా వేలి సంగతి మాత్రం ఆయన ఈనాటికీ ఎత్తడు.

కనుక మేనల్లుడికి ముందే చెప్పాను: జాకీ ఎత్తడానికే గాని, ఎత్తిన బండిని మోయడానికి కాదు. ఎత్తినవైపు ఇనుప స్టాండ్లు పెట్టి, బండిని వాటి మీదికి దించి, చేత్తో ఊపి చూచి, కదలనప్పుడే చక్రం ఊడదీయాలి. రెండోవైపు చక్రాలకు ముందూ వెనుకా చెక్క అడ్డులు ఉండాలి. పిల్లలు బంతి కోసం దూరకుండా ఒక పెద్దమనిషి కుర్చీ వేసుకొని కాపలా ఉండాలి. ఆ పెద్దమనిషిని నేనే.

ఇంతకూ స్పోర్ట్సు కారు ఎందుకు కిందికి ఉంటుంది? అందం కోసమని చాలామంది అనుకుంటారు. మలుపులో కారు బరువు లోపలి చక్రాల నుండి బయటి చక్రాల మీదికి మారుతుంది. ఎంత మారుతుందన్నది బరువుకు నడిబిందువు ఎంత ఎత్తున ఉన్నదో దానిని బట్టి ఉంటుంది. ఆ బిందువు 55 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొని, దానిని 52కు దించితే, బరువు మార్పిడి నూటికి అయిదున్నర పాళ్లు తగ్గుతుంది. పందెంలో అది పెద్ద లాభమే. అందుకే అటువంటి కార్లకు ఎత్తు మార్చే ఏర్పాటు చేస్తారు. జర్మనీలో తయారయ్యే పోర్షా 911కు 1964 నుండి 1989 దాకా చుట్ట స్ప్రింగులకు బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీలు ఉండేవి. ఎత్తు మార్చవలసి వస్తే ఆ కడ్డీ కూర్చున్న కోణం మార్చేవారు.

కాని పందెపు రోడ్డుకు స్పీడ్ బ్రేకరు ఉండదు, మనకు ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. (మన వీధుల్లో పోసినవారు ఆ పుస్తకం చదివారని నేను పూచీ పడను.) స్విఫ్ట్ పొట్టకు, నేలకు మధ్య కంపెనీ చెప్పిన ఎడం 163 మిల్లీమీటర్లు. అందులో 40 పోతే 123. వంద మిల్లీమీటర్ల గట్టు చక్రాల నడుమకు వచ్చినప్పుడు మిగిలేది 23. మా అక్క, బావ, ఇద్దరు పిల్లలు ఎక్కితే అదీ మిగలదు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపితే మావాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు 15 మిల్లీమీటర్లు దిగితే చాలునన్నాడు. అంటే ఇప్పుడున్న చోటు నుండి 25 పైకి లేపాలి.

లేపడం పెద్ద విద్య కాదు. ముందువైపు స్ప్రింగు, మరలున్న గొట్టం మీది గాజువంటి కడియం మీద కూర్చుంటుంది. దానికింద మరో కడియం తాళంవలె బిగిసి ఉంటుంది. బరువు దించి, మరల్లోని బురద బ్రష్షుతో తుడిచి, నూనె వేసి, తాళపు కడియం వదులు చేసి, కొక్కెం పానాతో పై కడియం తిప్పాలి. బురదతోనే తిప్పితే మరలు చెడిపోతాయి. మావాడి సెట్టుకు చుట్టుకు రెండు మిల్లీమీటర్లు, అంటే పన్నెండున్నర చుట్లు. వెనుక స్ప్రింగు, షాకబ్జారు వేరు వేరు గనుక అక్కడ చుట్ల లెక్క చక్రం దగ్గర అంతే రాదు. తిప్పి, దించి, కొలిచి చూచుకోవలసిందే. ఏ చక్రానికి ఎన్ని చుట్లో పద్దు వ్రాసింది నేను.

కష్టమంతా కొలతలో ఉన్నది. నేల నుండి కొలిస్తే టైరులోని గాలి, అరుగుదల లెక్కను చెడగొడతాయి. చక్రం నడిబొడ్డు నుండి మడ్‌గార్డు అంచు దాకా కొలవాలి. పైగా జాకీ దించిన వెంటనే కారు కాస్త ఎత్తుగానే నిలుస్తుంది. ముందుకూ వెనక్కూ నాలుగడుగులు తోసి, బానెట్టు, డిక్కీ నొక్కి వదిలితే గాని తన చోటుకు రాదు.

ఇవన్నీ చేసినా ఎడమవైపు నాలుగు మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. మావాడు ఎడమ కడియాలు ఇంకో రెండు చుట్లు తిప్పబోయాడు. ఇదంతా చూస్తూ మెట్ల మీద కూర్చున్న మా చాల్ తాత ఒకాయన ఉన్నాడు. జీవితమంతా మేస్త్రీ పని చేసినవాడు.

"జర ఆగు బిడ్డా. బండి మంచిగనే ఉన్నది. గల్లీయే వంకర ఉన్నది" అన్నాడు.

ఇంట్లోకి పోయి నీళ్లు పట్టే సన్నని ప్లాస్టిక్ గొట్టం తెచ్చాడు. గోడల మట్టం చూచేది. ఒక కొన కుడి చక్రం దగ్గర, ఒక కొన ఎడమ చక్రం దగ్గర పట్టి చూపితే, గల్లీ మోరీవైపు అంగుళం పైచిలుకు వాలి ఉన్నది. కారును తిప్పి నిలిపి కొలిస్తే ఈసారి కుడివైపు తక్కువ వచ్చింది! ఎడమ స్ప్రింగు ఎక్కించి ఉంటే మట్టపు రోడ్డు మీద కారు, కాలు పొట్టి స్టూలువలె, ఎదురెదురు మూలల మీదనే బరువు మోసేది. గట్టిగా బ్రేకు వేస్తే ఒకవైపు లాగేది. వాలు వైపు టైర్ల కింద పాత టైలు ముక్కలు పేర్చి, గొట్టంతో మట్టం చూచుకొని, మళ్లీ కొలిచాము. నాలుగు మూలలూ సరిపోయాయి.

నిజాం ఇలాకా నుండి వచ్చి ఈ నగరపు కట్టడాలకు రాళ్లు మోసిన కామాఠీలవల్లనే ఈ పేటకు ఆ పేరు. ఆ మట్టపు గొట్టం విద్య ఇంకా మన మెట్ల మీద కూర్చుని ఉన్నదని నాకు ఆ రోజే తెలిసింది.

డబ్బు లేక స్ప్రింగులను కోసేవారు, గ్యాసు మంటతో కాల్చి కుదించేవారు ఉన్నారు. కాలితే ఉక్కు పదును పోతుంది. కోస్తే చక్రం గుంటలో వేలాడినప్పుడు స్ప్రింగు చోటు తప్పుతుంది. ఆ పని ఎవరు చెప్పినా చేయవద్దు. ఎత్తు మారితే చక్రాల వాటమూ మారుతుంది కనుక మరునాడే అలైన్‌మెంటు చేయించాలి. లేకుంటే టైర్లు ఒక అంచునే అరిగిపోతాయి. హెడ్‌లైట్ల చూపు కూడా సరిచేయించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేట్టు బండిని మార్చరాదంటుంది. ఏ మార్పుకైనా ముందు ఆర్.టి.ఓ.లో అడిగి, బీమావారికి చెప్పడం మేలు. మావాడు స్ప్రింగులు బిగించిన తరువాత అడగబోయాడు. అది తలక్రిందులు పని అని వాడితో అన్నాను.

ఇప్పుడు కారు గల్లీ మొగలోని గట్టును నలుగురితోనూ తగలకుండా దాటుతున్నది. అయినా మా అక్క, గట్టు వచ్చినప్పుడల్లా రెండు కాళ్లూ సీటు మీదికి ఎత్తుకొని కూర్చుంటున్నది.