అగస్టీన్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి?

అగస్టీన్ పేరు చర్చి ప్రసంగాల్లో విన్నవారు మాలో కొందరున్నారు. ఆయన పుస్తకం చదివినవారు మాత్రం అరుదు. ఏది ముందు పట్టుకోవాలో తెలియకపోవడమే కారణం. పేరున్న పుస్తకం కదా అని 'దేవుని పట్టణం' తీస్తారు. అది 22 భాగాలు. మొదటి పది భాగాలూ చాలావరకు రోమన్ల దేవతల మీద వాదనే. అక్కడే ఓపిక అయిపోతుంది.

జాషువాను కొత్తగా చదివేవారికి మనం 'క్రీస్తు చరిత్ర' కంటే ముందు 'గబ్బిలం' ఇస్తాం. అలాగే అగస్టీన్‌కు 'ఒప్పుకోలు'. ఇంగ్లీషులో కన్ఫెషన్స్ అంటారు. హిప్పో పట్టణానికి బిషప్‌గా ఉంటూ, సుమారు 397 - 400 మధ్య లాటిన్‌లో రాశారు.

మొదటి పేజీలన్నీ ప్రార్థనే. విసుగనిపిస్తే దాటేయండి, బడి వస్తుంది. 354లో ఉత్తర ఆఫ్రికాలో, నేటి అల్జీరియాలోని తగస్తెలో పుట్టిన ఆ పిల్లవాడు, బడిలో దెబ్బలు తప్పించమని దేవుణ్ణి వేడుకుంటాడు. పెద్దలు నవ్వుతారు. గ్రీకు పాఠమంటే అతనికి గిట్టదు. మనకు ఇంగ్లీషు అనుకోండి! పదహారో ఏట చదువు ఆగిపోతుంది. కార్తేజికి పంపడానికి తండ్రి డబ్బు కూడబెట్టుకోవాలి మరి. తరువాత ఊళ్లోని ధనికుడు రొమానియానస్ సాయపడ్డాడు. డబ్బుల్లేక ఇంట్లో కూర్చున్న ఏడాది ఎలా ఉంటుందో మాలో కొందరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఏడాదిలోనే స్నేహితులతో కలిసి రాత్రిపూట పియర్ పండ్లు దొంగిలిస్తాడు. ఆకలికి కాదు, చాలావరకు పందులకు విసిరేశారు. మరి ఎందుకు చేశానని పేజీల కొద్దీ తనను తానే నిలదీసుకుంటారు. మామిడితోట గోడ దూకినవారెవరైనా ఆ పేజీలు చదవాలి.

ఎనిమిదో భాగానికి ముందు తెలుగు బైబిల్లో రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం చివరి వచనాలు చూడండి. 386లో మిలాన్ తోటలో ఆయన తెరిచి చదివింది అవే. తొమ్మిదో భాగంలో తల్లి మోనికా మరణం. అక్కడ ఆపినా ఫరవాలేదు. మిగిలినవి జ్ఞాపకం, కాలం వంటి విషయాలు, డిగ్రీకి వచ్చాక చదువుకోవచ్చు.

ఇక 'దేవుని పట్టణం'లో 19వ భాగం, 15వ అధ్యాయం. మనిషి మీద మనిషి పెత్తనం చేయాలని దేవుడు సృష్టించలేదనీ, స్వభావరీత్యా ఎవరూ బానిస కాదనీ అంటారు. మనం సంతోషించేలోపే, బానిసత్వం పాపానికి శిక్ష అనీ, బానిసలు మంచి మనసుతో యజమానులకు లోబడాలనీ అంటారు. పూర్వజన్మ కర్మ అని మన తాతలకు చెప్పిన మాట గుర్తొస్తుంది. పుట్టుకతోనే తక్కువ అని ఈయన అనలేదు, నిజమే. కానీ పాలేరు పాలేరుగానే ఉండాలన్న చోటికే రెండూ చేరాయి. దీన్ని మేం ఒప్పుకోం. ఈ అధ్యాయమే ముందు చదివితే పుస్తకం విసిరికొడతాం, లేదా పెద్దాయన మాట కదా అని తలవంచుతాం. దెబ్బలకు ఏడ్చిన పిల్లవాడిగా ఆయన్ను ఎరిగి ఉంటే, నీ దెబ్బలు తప్పు అయినప్పుడు మావి శిక్ష ఎలా అయ్యాయని ఎదురుగా కూర్చుని అడగవచ్చు.

పెలాజియస్‌తో వాదించిన పుస్తకాలు చివరికి ఉంచండి. అవి ముందే చదివితే ఫోన్లో ఒకవైపు మాటలే విన్నట్టుంటుంది.

చల్లపల్లి షాపుల్లో ఈ పుస్తకం కోసం వెతకడం దండగ. విజయవాడ పుస్తక ప్రదర్శనకు వెళ్లేవారు హెన్రీ చాడ్విక్ ఇంగ్లీషు అనువాదం, 1991లో వచ్చింది, అడిగి చూడండి. పాతవాటికంటే తేలిక. పదిమందికి ఒక్క ప్రతి చాలు. బిషప్ అంబ్రోస్ పెదవి కదపకుండా చదివేవారని ఆరో భాగంలో ఉంది. స్టడీ అవర్లో అలా కుదరదు, ఒకరు పైకి చదవాల్సిందే.