రైలు కంటే ముందు కరెంటు సాగిన దారి

వెంకటమ్మ పేరు తెలుగిళ్లలోనూ ఉంది, కన్నడ ఇళ్లలోనూ ఉంది. దాని పక్కన చేరిన ‘హళ్లి’ మాత్రం కన్నడ మాట. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని వెంకటమ్మనహళ్లి పేరే ఆ సీమ తీరు చెబుతుంది. పడమట చిత్రదుర్గం వైపు తప్పిస్తే పావగడకు దాదాపు అన్ని దిక్కులా ఆంధ్రప్రదేశే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం ఇక్కడ ఎందరికో మామూలు సంగతి.

2005 ఫిబ్రవరిలో ఈ ఊరి పేరు దేశమంతా వినిపించింది. బడిలో బస చేసిన రిజర్వు పోలీసులపై నక్సలైట్లు రాత్రిపూట దాడి చేసి పలువురిని చంపేశారు. ఆ ఒక్క రాత్రితోనే ఊరిని గుర్తుపెట్టుకుంటే చుట్టూ ఉన్న బతుకు కనిపించదు.

ఇది వానను నమ్ముకున్న మెట్ట నేల. వేరుశనగే పెద్ద పంట. ఉత్తర పినాకిని ఒడ్డున నాగలమడికెలో సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది. సుబ్రహ్మణ్య క్షేత్రాల్లో కుక్కె ఆది, ఘాటి మధ్య, ఇది అంత్య క్షేత్రమని భక్తుల నమ్మకం. పావగడ పట్నంలో శనిమహాత్ముడి గుడికి సరిహద్దు దాటి తెలుగువాళ్లూ వస్తారు. ఉత్తర పినాకిని కూడా దిగువన ఆంధ్రలోకి ప్రవహించి పేరూరు డ్యాముకు చేరుతుంది.

కరువు నేలకు ఎండే పంటయింది. పావగడ తాలూకాలోని తిరుమణి, వళ్లూరు, బాలసముద్ర, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర పార్కు వెలిసింది. 2018 మార్చిలో దీన్ని ప్రారంభించారు. రైతుల భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి రూ. 21,000తో మొదలై, రెండేళ్లకోసారి 5 శాతం పెరిగేలా ఒప్పందం. భూమి ఉన్నవాళ్లకు వాన కురిసినా కురవకున్నా ఆదాయం వస్తోంది. సెంటు భూమి లేని కూలీలకు మాత్రం కలుపు తీసే పని పోయింది, గొర్రెల కాపరులకు మేపే బీడు తగ్గింది. ఆ కౌలులో వీళ్లకు వాటా లేదు.

రైలు మాట వేరు. రాయదుర్గం నుంచి కల్యాణదుర్గం, పావగడ, మడకశిర, మధుగిరి మీదుగా తుమకూరుకు 207 కిలోమీటర్ల మార్గం 2007–08లో మంజూరైంది. ముందుగా రాయదుర్గం నుంచి కదిరిదేవరపల్లి దాకా 63 కిలోమీటర్లు పూర్తయింది. ఆంధ్రలో మొదలై, పావగడను తాకి, మళ్లీ ఆంధ్రలోకి వెళ్లి, తిరిగి కర్ణాటక చేరే దారి ఇది. ఇక్కడి జనం పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ పోయేది కూడా ఇలాగే, రాష్ట్రం మారిందన్న ధ్యాస లేకుండా. ఇన్నేళ్లూ వాళ్లు రైలెక్కాలంటే బస్సులో హిందూపురం పోయేవారు. పార్కులో పుట్టిన కరెంటు మాత్రం ఎప్పుడో తీగల మీద పొలిమేర దాటింది.