ఇంటర్నెట్ గుమ్మానికి కాపలాదారు
ఫైర్‌వాల్ గల రౌటర్ ఎంపికలో గృహస్థులు గమనించవలసిన అంశాలు

విద్యుత్ సబ్‌స్టేషన్‌లో పక్కపక్కనే నిలిచిన రెండు భారీ ట్రాన్స్‌ఫార్మర్ల నడుమ ఎత్తైన గోడ ఒకటి ఉండటం మన ఉద్యోగులలో చాలామంది చూసే ఉంటారు. దానిని ఫైర్‌వాల్ అంటారు. ఒక ట్రాన్స్‌ఫార్మరులో మంటలు చెలరేగితే అవి రెండవదానికి పాకకుండా నిలువరించడమే దాని పని. కంప్యూటర్ శాస్త్రజ్ఞులు ఆ పేరునే అరువు తెచ్చుకున్నారు. బయటి ప్రపంచంలో పుట్టిన ఆపద మన ఇంటి కంప్యూటరుకు, సెల్‌ఫోనుకు, పిల్లల చదువుల ట్యాబ్‌కు చేరకుండా అడ్డుకునే ఏర్పాటు కూడా ఫైర్‌వాల్‌గానే ప్రసిద్ధమైంది. ఇంటింటికీ వైఫై పంచే రౌటర్ అనే చిన్న పెట్టెలోనే నేడు ఈ గోడ ఇమిడి ఉంటోంది. కర్మాగారంలో గోడ పటిష్ఠతను పదిసార్లు పరీక్షించే మనం, ఇంట్లో ఉన్న గోడను ఒక్కసారైనా పరిశీలించామా అన్నది ఆలోచించవలసిన విషయం.

ఎద్దు మూపురాన్ని పోలిన శిఖరాల వల్ల బైలడిల్లా అన్న పేరు పొందిన మన కొండలలో 1968లో కిరండూల్ గని, 1977లో బచేలి గని ఉత్పత్తి ప్రారంభించాయి. ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కొత్తవలస–కిరండూల్ రైలుమార్గమే చాలాకాలం బంధువులతో వారధిగా నిలిచింది. 2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లా జాంగ్లాలో బస్తర్ ఇంటర్నెట్ పథకం తొలిదశను ప్రధానమంత్రి ప్రారంభించారు. అడవులు, కనుమలు దాటి వచ్చిన ఆప్టికల్ ఫైబర్ తీగ నేడు మన క్వార్టర్లలో పిల్లల పాఠాలను, పెద్దల పింఛను లెక్కలను, బ్యాంకు లావాదేవీలను మోస్తోంది. ఇంత విలువైనవి వచ్చిపోయే గుమ్మానికి తగిన కాపలా ఉండటం అవసరం.

మా ఇంటి అనుభవం

ఈ మాటలు పరోపదేశంగా రాస్తున్నవి కావు. ఈ రచయిత విద్యుత్ నిర్వహణ విభాగంలో పనిచేస్తున్నాడు. సరఫరా నిలిపి, తాళం వేసి, హెచ్చరిక పలక తగిలించనిదే ఏ ప్యానెల్‌నూ ముట్టని అలవాటు. అయినా ఇంట్లో రౌటర్ బిగించి వెళ్లిన వ్యక్తి పెట్టిన పాస్‌వర్డ్‌ను మూడు సంవత్సరాల పాటు మార్చలేదు. ఒక సంక్రాంతి సెలవులకు విశాఖపట్నం నుంచి మా అమ్మాయి వచ్చింది. ఆనాడు మా నాన్నగారి పింఛను ఖాతా చూడబోతే, ఈ పేజీ సురక్షితం కాదన్న హెచ్చరిక కనిపించింది. ఎప్పుడూ ఉండేదేలే అనుకుని దాన్ని దాటవేయబోతుంటే అమ్మాయి చేయి పట్టుకుని ఆపింది.

రౌటర్ లోపలి అమరికలు తెరిచి చూడగా విషయం బయటపడింది. వెబ్‌సైట్ పేరు చెబితే దాని చిరునామా చూపే డీఎన్ఎస్ అనే వ్యవస్థ ఉంటుంది. అది టెలిఫోన్ డైరెక్టరీ వంటిది. మా రౌటర్‌లో ఆ డైరెక్టరీ స్థానంలో ఎవరో తమ డైరెక్టరీని పెట్టి వెళ్లారు. బ్యాంకు పేరు కొడితే బ్యాంకుకు కాక మరో చోటికి దారి తీస్తోంది. లోపలికి రావడానికి వారు గోడ దూకనక్కరలేకపోయింది. బయటి నుంచి రౌటర్‌ను నడిపే సౌకర్యం తెరిచే ఉంది, తాళంచెవి కంపెనీ ఇచ్చిన పాతదే. నాన్నగారి జీవితకాలపు పొదుపు ఆనాడు దక్కింది అమ్మాయి అప్రమత్తత వల్లనే గాని, నా అనుభవం వల్ల కాదు.

కాపలాదారు ఏమి చేస్తాడు?

గని ప్రవేశద్వారాన్ని తలచుకుంటే ఫైర్‌వాల్ పని సులభంగా బోధపడుతుంది. ఉదయం డ్యూటీ మీద బయటికి వెళ్లిన వాహనం వివరాలు గేటు పుస్తకంలో ఉంటాయి గనుక, అది తిరిగి వచ్చినప్పుడు లోపలికి పంపుతారు. పుస్తకంలో లేని వాహనం పిలవకుండా వస్తే ఆపివేస్తారు. మంచి రౌటర్‌లోని ఫైర్‌వాల్ సరిగ్గా ఇదే చేస్తుంది. మన ఇంటి నుంచి వెళ్లిన అభ్యర్థనలను నమోదు చేసుకుని, వాటికి వచ్చిన జవాబులను మాత్రమే అనుమతిస్తుంది. దీనిని స్టేట్‌ఫుల్ ప్యాకెట్ ఇన్‌స్పెక్షన్ అంటారు. రౌటర్ వివరణ పత్రంలో ఎస్.పి.ఐ. అన్న అక్షరాలతో ఇది కనిపిస్తుంది.

ఇంటిలోని పరికరాలన్నీ ఒకే చిరునామాతో బయటికి వెళ్లే ఏర్పాటు మరొకటి ఉన్నది. పాత ఐపీవీ4 విధానంలో పిలవని అతిథికి ఏ పరికరం ఎక్కడున్నదో తెలియకపోవడం వల్ల దీని నుంచి కొంత రక్షణ లభిస్తుంది. అయితే కొత్త ఐపీవీ6 విధానంలో ప్రతి పరికరానికీ సొంత చిరునామా ఉంటుంది. అక్కడ ఆ చాటు ఉండదు. కనుక ఐపీవీ6కు కూడా ఫైర్‌వాల్ పనిచేస్తున్నదా అన్నది తప్పక తెలుసుకోవాలి.

లోకం నేర్పిన పాఠాలు

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము కంపెనీలు పెట్టిన సుమారు 60 పాత పాస్‌వర్డ్ జతలనే ప్రయోగించి ప్రపంచమంతటా ఇళ్లలోని కెమెరాలను, రౌటర్లను లొంగదీసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అటువంటి పరికరాలెన్నో ఒక్కుమ్మడిగా డైన్ అనే సంస్థపై దాడి చేయగా ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి ప్రసిద్ధ సేవలు గంటల తరబడి స్తంభించాయి. తమ ఇంటి పెట్టె ఆ దాడిలో పాల్గొన్నదని చాలామంది యజమానులకు తెలియనే లేదు. 2018 మే నెలలో వీపీఎన్ ఫిల్టర్ అనే మరొక ప్రోగ్రాము 54 దేశాలలో కనీసం 5 లక్షల పరికరాలలో చేరినట్లు సిస్కో సంస్థ పరిశోధకులు వెల్లడించారు.

ఈ అనుభవాల దరిమిలా బ్రిటన్ ఒక చట్టం చేసింది. 2024 ఏప్రిల్ 29 నుంచి అక్కడ అందరికీ తెలిసే ఒకే పాస్‌వర్డ్‌తో ఇటువంటి పరికరాలు అమ్మరాదు. భద్రతా సవరణలు ఎంతకాలం అందిస్తారో కూడా తయారీదారు చెప్పవలసి ఉంటుంది. కొనుగోలుదారు అడగవలసిన ముఖ్యమైన ప్రశ్నలు ఈ రెండింటిలోనే ఉన్నాయి.

కొనేముందు

రౌటర్ కొనబోయే ముందు ఈ క్రింది అంశాలను పరిశీలించడం శ్రేయస్కరం.

1. ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఇచ్చే పెట్టెలోనే తరచుగా రౌటర్, ఫైర్‌వాల్ రెండూ ఉంటాయి. మొదట దాని అమరికలను సరిచేసుకుని చూడండి. అది చాలకపోతేనే వేరొకటి కొనండి. అప్పుడు పాత పెట్టెను బ్రిడ్జ్ పద్ధతిలో పెట్టమని కనెక్షన్ ఇచ్చినవారిని కోరండి.

2. ఎస్.పి.ఐ. ఫైర్‌వాల్ ఉండాలి. అది ఐపీవీ4, ఐపీవీ6 రెండింటికీ వర్తించాలి.

3. లోపలి ప్రోగ్రామును, అంటే ఫర్మ్‌వేర్‌ను, కంపెనీ ఎన్ని సంవత్సరాలు సవరిస్తుంది, ఆ సవరణ దానంతట అదే జరుగుతుందా అని అడగండి. చౌకగా వచ్చే పాత నమూనాకు సవరణలు ఆగిపోయి ఉంటే, అది జీతం ఆగిన కాపలాదారుతో సమానం.

4. వైఫై రక్షణకు డబ్ల్యూపీఏ3 ఉంటే మేలు. డబ్ల్యూపీఏ2కు తక్కువైనది వద్దు.

5. అతిథులకు వేరు నెట్‌వర్క్ ఇచ్చే వీలుండాలి. టీవీ, కెమెరా వంటివి కూడా అందులోనే ఉంచి, బ్యాంకు పనులు చేసే ఫోనును వేరుగా ఉంచవచ్చు.

6. యాంటెన్నాల సంఖ్య చూసి మోసపోకండి. అది భద్రతకు కొలమానం కాదు. మరమ్మతు సౌకర్యం జగదల్‌పూర్‌లోనో, రాయపూర్‌లోనో, విశాఖపట్నంలోనో ఉన్నదా అన్నది మనకు అంతకంటే ముఖ్యం.

ఇంటికి తెచ్చిన తరువాత

మొదటి రోజే చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. రౌటర్‌ను నడిపే పాస్‌వర్డ్‌ను, వైఫై పాస్‌వర్డ్‌ను వేరువేరుగా, పొడవుగా పెట్టుకుని ఇంటి డైరీలో రాసి ఉంచండి. బయటి నుంచి రౌటర్‌ను నడిపే సౌకర్యాన్ని మూసివేయండి. పరికరాలు తమంతట తామే గోడకు కన్నం పెట్టుకునేందుకు వీలిచ్చే యూపీఎన్‌పీని, మీట నొక్కితే లేదా చిన్న సంఖ్య కొడితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్‌ను ఆపివేయండి. నెలకొకసారి, జీతం వచ్చిన రోజున అనుకుందాం, ఏయే పరికరాలు చేరి ఉన్నాయో జాబితా చూడండి. ఉరుములు మెరుపులు ఎక్కువైనప్పుడు పెట్టె ప్లగ్గు తీసివేయడం మరవకండి. ఫైబర్ తీగ గుండా విద్యుత్తు రాకపోయినా, కరెంటు తీగ గుండా రాగలదు.

గోడ ఆపలేనివి

ఫైర్‌వాల్ పిలవని వారిని ఆపుతుంది. మనమే పిలిచిన వారిని ఆపలేదు. వాట్సాప్‌లో వచ్చిన పెళ్లి శుభలేఖ పేరిట ఉన్న ఫైలును తెరిస్తే, ఫోనులో అడిగిన వారికి ఓటీపీ చెబితే, ఏ గోడా కాపాడదు. ఆ కాపలా ఇంటిలోని ప్రతి ఒక్కరిదీ. ముఖ్యంగా పెద్దలకు ఈ సంగతి ఓపికగా వివరించవలసిన బాధ్యత యువతరానిది. పొరపాటున డబ్బు పోయినట్లయితే సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా తెలియజేస్తే డబ్బు నిలిచే అవకాశం అంత ఎక్కువ.

భద్రత గని గేటు దగ్గర మొదలై గేటు దగ్గర ముగిసేది కాదు. ఈ సాయంకాలం డ్యూటీ నుంచి ఇంటికి చేరాక, మూలన మిణుకుమిణుకుమనే ఆ పెట్టె అడుగుభాగాన్ని ఒకసారి తిప్పి చూడండి. అక్కడ ముద్రించిన పాస్‌వర్డే ఇంకా నడుస్తున్నట్లయితే, టీ తాగేలోపు దానిని మార్చండి. మా ఇంట్లో ఆ పని చేయడానికి మూడు సంవత్సరాలు పట్టింది. మీ ఇంట్లో పది నిమిషాలు చాలు.